రక్తవ్యాధియు మనోవ్యథయు: బళ్లారి సీమనుండి ఒక చారిత్రక పరిశీలనము

బళ్లారి సీమ యనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది నాటకరంగము. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ - ఈ ముగ్గురి పేర్లు చెప్పనిదే ఆంధ్ర నాటక చరిత్ర పూర్తికాదు. పిమ్మట స్ఫురించునది సరిహద్దు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినవి మైసూరునకును చెందెను. 1949 వరకు ఘోర్పడే వంశీయుల సంస్థానముగా నుండి, పిదప మదరాసు రాష్ట్రమున విలీనమైన సండూరు గూడ మైసూరు భాగమునకే చేరెను. సండూరు తాలూకాలోని బండ్రి గ్రామము నేడు కర్ణాటక రాష్ట్రపు బళ్లారి జిల్లాలో నున్నది. ఈ జిల్లాలో కన్నడము రాజభాష. తెలుగు పెక్కు కుటుంబములకు ఇంటిభాష.

ఈ సీమకు మూడవ కీర్తి యొకటి కలదు. దానిని మనవారు అంతగా తలపరు. మానసిక వైద్యమును పట్టణపు ఆసుపత్రి గోడలు దాటించి పల్లెకు తెచ్చు ప్రయత్నము, ఒక జిల్లా మొత్తమును ప్రమాణముగా గైకొని, 1985లో ఇచటనే జరిగెను. దేశమంతట దానికి 'బళ్లారి పద్ధతి' యను పేరు నిలిచినది. అటుపిమ్మట రెండు దశాబ్దులు నిండకముందే, మరియొక వైపున, దీర్ఘకాలిక ల్యుకేమియా యను రక్తవ్యాధికి ప్రాణము నిలుపు మాత్ర హైదరాబాదులో సామాన్యునికి అందుబాటు ధరలో తయారైనది. ఈ రెండు చరిత్రలును వేర్వేరుగా నడచినవి. వేర్వేరు గ్రంథములలో వ్రాయబడినవి. కాని బండ్రివంటి పల్లెలో ఆ వ్యాధితో జీవించు మనుష్యుడు ఒక్కడే. శరీరమునకు మందు దొరకిన పిదప, ఆ మందును ఏండ్లతరబడి విడువక సేవించుటకు మనస్సు నిలువవలయును. మనస్సు కుంగినచో చేతిలోని మందును వ్యర్థమగును. ఈ సంగతిని చరిత్రరీత్యా చూపుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

వ్యాధి స్వరూపము

ల్యుకేమియా యనునది ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములకు సంబంధించిన రాచపుండు. అందు తీవ్రమైనది వారములలోనే ప్రాణాంతకము కాగలదు. దీర్ఘకాలికమైనది ఏండ్లతరబడి మెల్లగా నడచును. ఈ దీర్ఘకాలిక వ్యాధియందు రెండు ప్రధాన భేదములు కలవు. మైలాయిడు జాతి వ్యాధిలో తెల్లకణములు మితిమీరి పెరిగి, ప్లీహ ముబ్బును. ప్లీహ మే కారణముచే నుబ్బినను మన పల్లెవారు దానిని 'బల్ల' యనుచుందురు. లింఫోసైటిక్ జాతి వ్యాధిలో మెడయందును చంకలయందును గడ్డలు లేచును. పెక్కుమందికి ఏ బాధయు లేకుండగనే, మరియొక పనికై చేయించుకొన్న రక్తపరీక్షలో ఇది బయటపడును.

1845లో ఎడింబరోయందు జాన్ హ్యూజ్ బెన్నెట్, బెర్లినునందు రుడాల్ఫ్ విర్చో అను వైద్యు లిరువురు ఒకరి పని నొకరు ఎరుగకయే ఈ వ్యాధిని వర్ణించిరి. 1847లో విర్చో దీనికి 'తెల్లరక్తము' అను నర్థమిచ్చు గ్రీకు పదములతో ల్యుకేమియా యని పేరిడెను. తరువాత నూరేండ్లకు పైగా వైద్యుని చేతిలో నున్న సాధనములు స్వల్పములు. 1865లో పాషాణ ద్రవమును, ఇరువదవ శతాబ్ది యారంభమున ఎక్స్ కిరణములను, 1953లో బుసల్ఫాన్ అను మాత్రను వాడిరి. ఇవి తెల్లకణముల సంఖ్యను తగ్గించి కొంత ఉపశమన మిచ్చినవే కాని, వ్యాధిగతిని మార్పలేకపోయెను. మైలాయిడు రోగులలో సగముమంది, వ్యాధి తెలిసిన మూడునుండి ఐదేండ్లలోపల గతించుచుండిరి. ఆ దినములలో మనస్సును గూర్చి అడుగువారు లేరు. బ్రదుకే స్వల్పమైనపుడు, మనోవ్యథ మరణభయముతో కలిసిపోయి వేరుగా కనబడలేదు.

తెలుగువారి పాలు

ఇచట యల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరింపవలయును. 1895లో భీమవరమున జన్మించిన ఈ మహాశయుడు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలికామ్లమును, దాని కెదురుగా పనిచేయు రసాయనములను సాధించిన బృందమునకు నాయకుడు. ఆ రసాయనములలో నొకటైన అమినోప్టెరిన్‌ను 1947-48లో బోస్టనునందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు తీవ్ర ల్యుకేమియా సోకిన పిల్లలకు వాడి, తాత్కాలికముగానైనను వ్యాధి వెనుకకు తగ్గునని చూపెను. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో అస్తమించిరి. ఆయన కృషి తీవ్రవ్యాధికి సంబంధించినదే కాని దీర్ఘకాలిక వ్యాధికి కాదు. ఈ భేదమును మరువరాదు. అయినను, ల్యుకేమియాను రసాయనముతో లొంగదీయవచ్చునను నమ్మకమునకు ఆ ప్రయోగము పునాదులలో నొకటి.

దీర్ఘకాలిక వ్యాధికి దారి వేరొకచోట తెరువబడెను. 1960లో ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు మైలాయిడు రోగుల కణములలో పొట్టిదైన క్రోమోసోము నొకదానిని కనుగొనిరి. 9వ, 22వ క్రోమోసోముల ముక్కలు తారుమారగుటచే అది యేర్పడునని 1973లో షికాగోలోని జానెట్ రౌలీ నిరూపించెను. ఆ తారుమారువలన పుట్టు దుష్టపదార్థమును అడ్డగించు ఇమాటినిబ్ అను మాత్రకు 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వ మనుమతి లభించెను. ఈ మాత్రతో చికిత్స మొదలిడినవారిలో పదియేండ్లకు పిమ్మట నూటికి ఎనుబదిమందికి పైగా జీవించియున్నట్లు 2017లో ప్రకటితమైన పరిశీలనము తెల్పుచున్నది.

అయితే మందు పుట్టినంతనే రోగికి అందదు. నోవార్టిస్ సంస్థవారి మాత్రకు మన దేశమున ఆ దినములలో నెలకు సుమారు 1,20,000 రూపాయలు వెల యుండెను. ఆ సంస్థ 2002 నుండి పలువురు బీదరోగులకు ఉచితముగా నిచ్చిన మాట నిజమే. కాని ఉచితము హక్కు కాదు. గుంటూరు మండలమువారైన నన్నపనేని వెంకయ్యచౌదరి గారు 1981లో హైదరాబాదునందు స్థాపించిన నాట్కో సంస్థ 2003లో అదే మందును 'వీనాట్' అను పేర విడుదల చేసెను. ఆ దినములలో దేశీయ సంస్థల మందుల వెల నెలకు సుమారు 8,000 నుండి 10,000 రూపాయలుగా నుండెను. పేటెంటును గూర్చి వ్యాజ్యము సాగెను. 2006 జనవరిలో చెన్నై పేటెంటు కార్యాలయము నోవార్టిస్ దరఖాస్తును త్రోసిపుచ్చెను. 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును స్థిరపరచెను. ఈ తీర్పుతో దేశీయపు మాత్ర నిలిచినది.

ఇంటర్‌ఫెరాన్ నేర్పిన పాఠము

ఇమాటినిబ్ రాకముందు ఇరువది యేండ్లలో జరిగిన సంగతి యొకటి మన విషయమునకు ముఖ్యము. 1983 మొదలు అమెరికాలోని హ్యూస్టను వైద్యులు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును సూదిమందుగా మైలాయిడు రోగులకు ఇచ్చి చూచిరి. కొందరిలో వ్యాధిగ్రస్తమైన క్రోమోసోమే కనబడకుండ పోయెను; ఆయుర్దాయము పెరిగెను. కాని ఆ మందే పలువురిని కుంగదీసెను. నిద్ర పోయెను, ఇష్టమైన పనియం దాసక్తి నశించెను, కొందరికి ఆత్మహత్యా సంకల్పమును కలిగెను. లోకవృత్తమున కష్టములేవియు పెరుగకున్నను ఇట్లు జరిగినది. ధైర్యవంతులకును జరిగినది. మందును మానినపుడు పలువురిలో ఆ కుంగుబాటు తగ్గెను.

దీనినుండి వైద్యులు గ్రహించిన దేమనగా, రక్తరోగి దిగులు కేవలము స్వభావ దౌర్బల్యము కాదు. శరీరమున జరుగు మార్పులును, మందులును మనస్సును తాకును. లింఫోసైటిక్ వ్యాధికిని, దాని ఉపద్రవములకును తరచు వాడు స్టెరాయిడులును నిద్రలేమిని, అకారణ కోపమును, దిగులును కలిగింపగలవు. 'నీవు ధైర్యము తెచ్చుకొనవలె' నను మన ఇండ్లలోని మాట మంచి మనస్సుతో పలుకబడినదే. కాని మందుచే కుంగినవానికి అది నిందగా తోచును. వైద్యునితో చెప్పవలసిన లక్షణమును అతడు దోషమువలె దాచుకొనును.

మౌనము తొలగిన క్రమము

పూర్వము పాశ్చాత్య వైద్యులును రోగికి రాచపుండను మాట చెప్పెడివారు కారు. 1961లో షికాగో వైద్యులను ప్రశ్నింపగా, నూటికి తొంబదిమంది చెప్పకుండుటయే మేలనిరి. 1979లో మరల ఇట్టి ప్రశ్ననే వేయగా, నూటికి తొంబదియేడుమంది చెప్పుటయే తమ పద్ధతి యనిరి. రెండు దశాబ్దులలోపల వచ్చిన ఈ మార్పుతో, రోగి తన భయమును నోరు విప్పి చెప్పుకొనుటకు వీలుకలిగెను. 1977లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలెండ్ అను వైద్యురాలు రాచపుండు రోగులకై ప్రత్యేకముగా మనోవైద్య విభాగమును నెలకొల్పెను. రాచపుండు చికిత్సాలయములలోని రోగులలో సుమారు ప్రతి ఆరుగురిలో నొకరికి వైద్య మవసరమైన కుంగుబాటు కలదని 2011లో ప్రకటితమైన ఒక సమీక్ష తేల్చినది.

గుర్తించుటలో చిక్కు కలదు. ఆకలి తగ్గుట, నిద్ర చెడుట, నీరసము - ఇవి కుంగుబాటుకును లక్షణములే; ల్యుకేమియాకును, దాని మందులకును లక్షణములే. కనుక 1984లో జీన్ ఎండికాట్ అను విదుషి, ఇట్టివారిలో శరీర లక్షణములకు మారుగా మనోలక్షణములను పరికింపవలెనని సూచించెను. కంటికి కనబడు దీనత్వము, పదిమందిలో నుండి తొలగిపోవుట, తనపై తానే జాలిపడుచు నిరాశలో మునుగుట, ఎంతటి శుభవార్తకును మనస్సు చలింపకుండుట - ఇవి చూడవలసినవి. ఇంటివారు కూడ చూడగలవి యివియే.

లింఫోసైటిక్ వ్యాధిలో మరియొక విధమైన వ్యథ కలదు. జోధ్‌పూరునందు పుట్టి అమెరికాలో పనిచేసిన కాంతి రాయ్ అను వైద్యుడు 1975లో ఈ వ్యాధి దశలను నిర్ణయించెను. తొలిదశలో నున్నవారికి తొందరపడి మందిచ్చుటవలన ఆయువు పెరుగదని 1998లో ఫ్రెంచి పరిశోధకులు చూపిరి. అందుచే వైద్యుడు 'ఇప్పుడు మందక్కరలేదు, మూడు నెలల కొకమారు రండు' అనును. వైద్యునికిది శుభవార్త. రోగికి మాత్రము ఒంటిలో రాచపుండున్నదని చెప్పి ఊరక పంపినట్లు తోచును. రక్తపరీక్ష దినము సమీపించుకొలది నిద్ర పట్టదు. ఫలితము బాగున్నచో కొన్ని వారములు హాయి. మరల అదే చక్రము. ఈ నిరీక్షణ యెందుకో, ఏ లక్షణము కనబడినపుడు చికిత్స మొదలగునో వైద్యుడు ముందుగా వివరించి చెప్పినయెడల రోగికి కొంత స్థిమితము చిక్కును.

ప్రసిద్ధులైనవా రీ వ్యాధితో నెట్లు మెలగిరో రెండు దృష్టాంతములు చాలును. పాలస్తీనా సంతతివాడైన ఎడ్వర్డ్ సయీద్ అను ఆచార్యునికి 1991లో లింఫోసైటిక్ వ్యాధి తెలియవచ్చెను. ఆయన 1994లో తన బాల్యస్మృతులను వ్రాయనారంభించి, చికిత్సల నడుమనే పూర్తిచేసి 1999లో ప్రకటించెను. 2003 వరకు జీవించెను. అమెరికా బాస్కెట్‌బాల్ వీరుడు కరీమ్ అబ్దుల్ జబ్బార్‌కు 2008లో మైలాయిడు వ్యాధి కనబడెను. మరుసటి యేడు దానిని బహిరంగముగా ప్రకటించి, మాత్రను క్రమముగా సేవింపుడని తోటి రోగులకు బోధింపసాగెను. ఒకరు దినదినమును చేయదగిన పనిని కల్పించుకొనిరి. ఒకరు రహస్యపు బరువును దింపుకొనిరి.

బళ్లారి పద్ధతి

ఇక మన సీమకు వత్తము. 1946 నాటి భోర్ సంఘపు నివేదికను చూచినచో, దాదాపు నలుబదికోట్ల జనము గల నాటి భారతదేశమున మానసిక చికిత్సాలయములలో నున్నవి సుమారు పదివేల మంచములు మాత్రమే. బళ్లారి సీమవారికి మదరాసుగాని, బెంగుళూరుగాని గతి. 1954లో బెంగుళూరునందు అఖిలభారత మానసికారోగ్య సంస్థ స్థాపితమయ్యెను. 1974లో అదియే నిమ్‌హాన్స్ అయ్యెను. ఆ సంస్థవారు 1975 నుండి బెంగుళూరు చెంతనున్న సకలవార గ్రామమున, పల్లె వైద్యునికిని ఆరోగ్య కార్యకర్తకును మనోవ్యాధులను గుర్తించుట నేర్పవచ్చునా యని పరీక్షించిరి. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమ మారంభమైనది. ఒక గ్రామమున సాధ్యమైనది ఒక జిల్లాలో సాధ్యమగునా యను ప్రశ్నకు సమాధానముగా 1985లో బళ్లారి జిల్లాను ఎన్నుకొనిరి.

పద్ధతి సులభమైనది. ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకు కొలదిదినముల శిక్షణము. ఇంటింటికి తిరుగు కార్యకర్తలకు రోగిని గుర్తించుటయు, మందు మానినవానిని మరల పిలుచుకొని వచ్చుటయు నేర్పుట. ముఖ్యమైన కొలది మందులను కేంద్రముననే యుంచుట. జిల్లా స్థాయిలో మనోవైద్యుని పర్యవేక్షణము. దీని ఫలితములను ఆధారముగా గొని 1996లో కేంద్రప్రభుత్వము జిల్లా మానసికారోగ్య కార్యక్రమమును ఇతర రాష్ట్రములకు విస్తరించెను. మొదట నెన్నుకొన్న నాలుగు జిల్లాలలో మన మెదకు ఒకటి. బళ్లారిలో నేర్చిన పాఠము ఈ విధముగా తెలుగునేలకు చేరెను.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. దాని దృష్టి ప్రధానముగా తీవ్ర మనోవ్యాధులమీదను, మూర్ఛమీదను, బుద్ధిమాంద్యముమీదను నుండెను. శరీరవ్యాధితో తీసుకొనుచు మనస్సు కుంగినవాడు ఆ లెక్కలో ముఖ్యుడు కాలేదు. అతడు రక్తవైద్యునికొరకు బళ్లారికో, 1973లో బెంగుళూరున వెలసిన కిద్వాయి సంస్థకో, 1955 నుండి పనిచేయుచున్న హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ సంస్థకో పోవును. అచట కణముల లెక్క చూతురు. ఊరికి తిరిగివచ్చిన పిదప అతని మనస్సు నెవరు చూతురు?

రెండు చరిత్రల కలయిక

ఈ ప్రశ్న కరుణకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రాణమునకును సంబంధించినది. ఇమాటినిబ్ మాత్రను విధించినదానిలో నూటికి తొంబది పాళ్లకన్న తక్కువగా సేవించినవారిలో వ్యాధి లోతుగా అణగుట మిక్కిలి అరుదని 2010లో లండను వైద్యులు కనుగొనిరి. నెలకు మూడునాలుగు మాత్రలు తప్పినను నష్టమే. పాశ్చాత్యదేశములలో మైలాయిడు వ్యాధి అరువదియేండ్ల ప్రాయమువారిలో నెక్కువ. మన దేశమున ముప్పది, నలుబది యేండ్లవారిలో నెక్కువ. అనగా ఇల్లు నడుపవలసినవారు, పెండ్లి కావలసినవారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు. మాత్రవలన ముఖ ముబ్బును, పిక్కలు పట్టును, అలసట వచ్చును. పైకి రోగివలె కనబడడు గనుక ఇతరులు నమ్మరు. వ్యాధి సంగతి తెలిసిన సంబంధము తప్పునని దాచును; దాచుటకై మాత్రను చాటుగా మ్రింగును; చాటు దొరకని దినము మానును. కుంగిన మనస్సు 'ఎందుకీ మందు' అనును. మందు మానుటకు బీదరికము, మరపు, దుష్ఫలితము కారణములని వ్రాయుదురు. మనోవ్యథ ఈ మూడింటి వెనుకను దాగియుండగలదు.

కుంగుబాటునకు చికిత్స కలదు. సంభాషణా చికిత్సయు, మందులును కలవు. జాగ్రత్త యొక్కటి పాటింపవలెను. కుంగుబాటు మందులలో కొన్ని ల్యుకేమియా మాత్రల బలమును మార్చగలవు. నిలోటినిబ్ వంటి మాత్రతో కొన్ని కలిసినచో గుండెలయకు ముప్పు. దిగులునకై అమ్ముడుపోవు సెయింట్ జాన్స్ వర్ట్ అను మూలిక ఇమాటినిబ్‌ను రక్తములో తగ్గించునని రుజువైనది. కావున రక్తవైద్యునికి మనోవైద్యుని మందులును, మనోవైద్యునికి రక్తవైద్యుని మందులును తెలియజెప్పవలయును. ఎవరికి వారే మాన్పుటగాని, మార్చుటగాని కూడదు.

ఇమాటినిబ్ మాత్రను రాత్రి భోజనముతో ముడిపెట్టుకొని, ఇంటిలో నొకరైనను దానిని తెలిసియుండుట మేలు. సాటిరోగులతో మాటలాడుట వేరొక బలము. 'ఫ్రెండ్స్ ఆఫ్ మాక్స్' అను పేర మన దేశమున ఇట్టివారి సమాఖ్య యొకటి పనిచేయుచున్నది. 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ సేవలలో మనోవైద్యమును పొందుటను ప్రతివాని హక్కుగా ప్రకటించెను. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రేయింబవళ్లు తెలుగునగాని, కన్నడమునగాని ఉచితముగా పొందవచ్చును. చచ్చిపోవలెనను తలంపు వచ్చినవాడు ఆ క్షణమున ఒంటరిగా నుండరాదు. ఇంటివారు వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును.

ఇంతవరకు చూపిన చరిత్రలో మందును కనుగొన్నవారు వేరు, వెల తగ్గించినవారు వేరు, మనస్సును పల్లెలో చూడవచ్చునని నిరూపించినవారు వేరు. ఈ మూడింటిని ఒక్కచోట కూర్చుటయే మిగిలిన పని. దానికి కొత్త కట్టడ మక్కరలేదు. 1985లో ఈ జిల్లాలో కార్యకర్తకు నేర్పిన ప్రశ్నలనే, నెలనెలా మాత్రలకై వచ్చు రక్తరోగిని గూడ అడిగిన చాలును: నిద్ర యెట్లున్నది, మనస్సు దేనియందైనను నిలుచుచున్నదా, మందు ఎన్నిమారులు తప్పినది? మన సంఘమువారికి ఒక విన్నపము. నాటకకర్తల చరిత్రను సేకరించినట్లే, ఆ నాడు బళ్లారి పల్లెలలో తిరిగిన ఆరోగ్య కార్యకర్తల అనుభవములను తెలుగునను కన్నడమునను వ్రాయించి భద్రపరుపవలయును. వారిలో పలువురు నేడు వృద్ధులు. వారు కనుగొన్న మెలకువలు బండ్రివంటి ఊళ్లలోని నేటి రోగులకును అక్కరకు వచ్చును.